సెలవుల్లో పెట్టించుకున్న పన్ను

దుబాయ్‌లో ఉంటాను. కింది దవడ పన్ను తీసేశాక ఇంప్లాంట్‌కు, అంటే ఎముకలో స్క్రూ బిగించి దానిపై పెట్టే కృత్రిమ పంటికి, అక్కడ 5,500 దిర్హమ్‌లు అడిగారు. కంపెనీ ఇచ్చిన బేసిక్ ఇన్సూరెన్స్‌లో దీనికి పైసా రాదు. అందుకే సెలవుల్లో కూకట్‌పల్లిలో ఓ చిన్న క్లినిక్‌కు వెళ్లాను. స్కాన్, స్క్రూ మీద తొడిగే పంటి క్యాప్ అన్నీ కలిపి 38,000 రూపాయలు. టైటానియం స్క్రూ బిగిస్తుంటే నొప్పి లేదు, దవడ అదరడం మాత్రం తెలిసింది. స్క్రూను ఎముక గట్టిగా పట్టుకోవాలి, మూడు నెలలైనా ఆగాల్సిందే, తొందరపడి క్యాప్ వేయనని డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారు. ఆ నిక్కచ్చితనం నాకు బాగా నచ్చింది. నాలుగు నెలలకు మళ్లీ వచ్చాను. ఆ టికెట్ ఖర్చు కూడా లెక్కేసుకోండి. స్క్రూ కంపెనీ, సైజు రాసిన కార్డు తప్పకుండా అడిగి తీసుకోండి. దుబాయ్‌లో ఉండగా స్క్రూ లూజైతే వేరే డాక్టరుకు అదే ఆధారం. నిన్న దోర జామకాయ ఆ పంటితోనే కొరికాను.