ఖాళీలు పూరించాలా, వాక్యం మొత్తం రాయాలా?

జర్మన్ మాతృభాషగా ఉండి ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఖాళీలు పూరించడం వేగంగా సాగే సాధన. క్రియారూపాలు, ప్రిపొజిషన్లు నోటికి రావడానికి అది బాగా పనికొస్తుంది. కాకపోతే పదక్రమం ముందే అమర్చి ఉంటుంది, వీళ్లు తరచూ తడబడేదేమో అక్కడే.

జర్మన్ వాక్యం చూసి ఇంగ్లీషులో మొత్తం రాస్తే లోపం బయటపడుతుంది. మూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నానని చెప్పడానికి జర్మన్‌లో ‘నుంచి’ అనే అర్థమిచ్చే ‘జైట్’తో వర్తమాన క్రియ సరిపోతుంది. ఆ అలవాటుతోనే ‘ఐ లివ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అని రాస్తారు. కావలసింది ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’. ఒక్క వాక్యంలో రెండు తప్పులు! ‘యస్టర్‌డే’తో మొదలుపెడితే ‘వెంట్ ఐ’ అని క్రియను కర్త ముందుకు లాగేస్తారు.

కొత్త పాఠానికి రెండు రోజులు ఖాళీలు, ఆపైన రోజుకు ఐదు పూర్తి వాక్యాలు రాయడం మేలు. సరిచూసే జవాబులు లేకపోతే మాత్రం రెండో పద్ధతి జోలికి వెళ్లొద్దు, తప్పే స్థిరపడిపోతుంది.