జాగ్రత్త: అంబాసిడర్‌కి "12 వోల్టుల కాయిల్" అని 1.5 ఓమ్‌ల కాయిల్ అంటగడుతున్నారు

పెట్రోల్ అంబాసిడర్‌కి, ముఖ్యంగా పాత 1489 సీసీ ఇంజిన్‌కి ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకి హై వోల్టేజి ఇచ్చేది) కొనబోతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బులివ్వండి. నేను కొన్న కాయిల్ డబ్బా మీద 12 వోల్టులని ఉంది. "అంబాసిడర్‌దే సార్, కళ్లు మూసుకుని పెట్టేయండి" అన్నాడు షాపతను. బిగించిన కాసేపటికే చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయి బండి ఆగిపోయింది. విప్పి మీటర్ పెడితే 1.4 ఓమ్‌లు. తిరిగి ఇవ్వబోతే "ఎలక్ట్రికల్ సామాను వాపసు లేదు" అనేశాడు.

12 వోల్టుల కాయిళ్లలో రెండు రకాలున్నాయి. నేరుగా బ్యాటరీ కరెంటు మీద నడిచేదానికి ప్రైమరీ (ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య ఉండే తీగచుట్ట) సుమారు 3 ఓమ్‌లు ఉంటుంది. రెండోది సుమారు 1.5 ఓమ్‌లది, దానికి ముందు మరో 1.5 ఓమ్‌ల బ్యాలస్ట్ రెసిస్టర్ (కరెంటును తగ్గించే విడి భాగం) ఉండి తీరాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పాత అంబాసిడర్ వైరింగ్‌లో బ్యాలస్ట్ లేదు కాబట్టి దానికి 3 ఓమ్‌లదే కావాలి. అందులో 4 ఆంపియర్లు పారుతాయి. 1.5 ఓమ్‌లది పెడితే 8 పారతాయి, వేడి కూడా రెట్టింపు, 48 వాట్లకు బదులు 96. ఇంజిన్ తిరుగుతుంటే పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును కలిపి, తెంపే కాంటాక్టులు) మూడింట రెండొంతుల సేపే మూసుకుని ఉంటాయి కాబట్టి కొంత నయం. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేస్తే, పాయింట్లు మూసుకున్న చోట ఆగి ఉంటే మాత్రం కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది. లోపలి నూనె కాగి కాయిల్ ఉబ్బుతుంది, కారుతుంది, పగలొచ్చు కూడా.

కాయిల్ ఒక్కటే పోతే సరే, పాయింట్లనూ తినేస్తుంది. వాటి ముఖాలు నీలంగా మారి గుంటలు పడతాయి. బండి వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇక్కడే మెకానిక్కులు దారి తప్పుతారు: పెట్రోల్ ఆవిరై అడ్డుపడుతోందని కార్బురేటర్ విప్పుతారు, కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు తగ్గించేది) మారుస్తారు. పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళాలు (0.4 మి.మీ.) సరిగ్గా ఉండి కూడా ముఖాలు కాలుతుంటే, అన్నిటికన్నా ముందు కాయిల్ కొలవండి.

కొనేటప్పుడు మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. 200 ఓమ్‌ల రేంజ్‌లో పెట్టి ముందు రెండు వైర్ల మొనలూ కలపండి. అప్పుడు కనిపించే 0.3, 0.4 లాంటి అంకె వైర్లదే, దాన్ని తీసేయాలి. ఈ చిన్న తీసివేత మర్చిపోతే 1.5 ఓమ్‌ల కాయిల్ 1.9 చూపించి తికమక పెడుతుంది. ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య 3 దగ్గర వస్తేనే తీసుకోండి. టెర్మినల్‌కీ పై టోపీలోని హైటెన్షన్ పిన్నుకీ మధ్య వేల ఓమ్‌లు రావాలి, కాయిల్ లోహపు ఒంటికీ టెర్మినల్‌కీ మధ్య మాత్రం అసలు కనెక్షనే ఉండకూడదు (మీటర్ ఓపెన్ అని చూపాలి, సున్నా కాదు). కొలవనివ్వని షాపులో కొనకండి.

మీ బండిలో ఎవరైనా బ్యాలస్ట్ పెట్టారేమో కూడా చూసుకోండి. పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, కాయిల్ మీద స్విచ్ వైరు వచ్చే టెర్మినల్‌కీ బాడీకీ మధ్య వోల్టేజి చూడండి. దాదాపు బ్యాటరీ వోల్టేజే ఉంటే బ్యాలస్ట్ లేదు, 6–8 మధ్య ఉంటే ఉంది. పాయింట్లు తెరిచి ఉంటే కరెంటే పారదు కాబట్టి రెండు సందర్భాల్లోనూ 12 చూపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. బ్యాలస్ట్ ఉన్న బండికి 3 ఓమ్‌లది పెడితే కాలదు గానీ స్పార్క్ నీరసపడి, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది.

ఇప్పటికే కొనేసి, కాయిల్ ఇంకా బాగుంటే పారేయక్కర్లేదు. 1.5 ఓమ్‌లు, 50 వాట్ల సెరామిక్ రెసిస్టర్‌ని స్విచ్ వైరుకీ కాయిల్‌కీ మధ్య వేసి, వైర్లకు దూరంగా ఇనుప రేకు మీద బిగించండి. అది 24 వాట్ల దాకా కాగుతుంది, ప్లాస్టిక్‌కి ఆనకూడదు.

బిగించేముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీయండి. నెగెటివ్ ఎర్త్ బండైతే (బ్యాటరీ మైనస్ బాడీకి కలిపినది) కాయిల్ ప్లస్ స్విచ్‌కి, మైనస్ డిస్ట్రిబ్యూటర్‌కి. 1960ల నాటి బ్రిటిష్ పాజిటివ్ ఎర్త్ బండైతే సరిగ్గా తిరగేసి: మైనస్ స్విచ్‌కి, ప్లస్ డిస్ట్రిబ్యూటర్‌కి. తారుమారైనా బండి స్టార్ట్ అవుతుంది, కానీ ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి కావాల్సి వస్తుంది, చలి ఉదయాల్లో మొరాయిస్తుంది.