కొండ ఊరి పొడిగాలికి వత్తి రకం హ్యుమిడిఫైయర్: ఒక చలికాలం వాడిన తరువాత

సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఉండి, ఉద్యోగరీత్యా మరో రాష్ట్రంలో సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరికి మారినప్పుడు, మా కుటుంబం చలికి సిద్ధపడి వెళ్లింది గాని పొడితనానికి సిద్ధపడలేదు. ఉన్ని దుస్తులు, మందపాటి దుప్పట్లు, గదికో హీటరు ముందే సమకూర్చుకున్నాము. అయినా మొదటి పది రోజుల్లోనే పెదవులు పగిలాయి. తెల్లవారేసరికి గొంతు ఎండిపోయి మాట పెగిలేది కాదు. తలుపు పిడి ముట్టుకున్నప్పుడల్లా వేలికి చురుక్కున షాక్ తగిలేది. మా అమ్మాయికి రెండుసార్లు ముక్కు నుంచి రక్తం వచ్చాక ఇక ఆలస్యం చేయకూడదని హ్యుమిడిఫైయర్, అంటే గది గాలిలో తేమ పెంచే యంత్రం, కొన్నాము. మొదట కొన్నదాన్ని తిరిగి ఇచ్చేసి రెండవది తెచ్చుకున్నాము. ఆ రెండవదాన్ని దాదాపు ఐదు నెలలు పడకగదిలో రోజూ వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

యంత్రం సంగతికి ముందు గాలి సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోవడం వల్లనే మొదటిసారి తప్పు ఎంపిక చేశాను. హీటరు గాలిలోని నీటిని పీల్చేస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి హీటరు ఆ నీటిని ఎక్కడికీ తీసుకుపోదు. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలిలో పట్టే నీటి ఆవిరి 5 గ్రాములకు కాస్త తక్కువ, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములకు కాస్త ఎక్కువ. అందువల్ల బయట పొగమంచు కమ్మి నూటికి నూరు శాతం తేమ ఉన్న రోజున కూడా, ఆ 0 డిగ్రీల గాలి ఇంట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కేసరికి దాని సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడి దగ్గర గాలిలో పట్టగల ఆవిరిలో నిజంగా ఉన్న వంతు, సుమారు 26 శాతానికి పడిపోతుంది. బయట మైనస్ 10 డిగ్రీలు ఉంటే లోపల మిగిలేది సుమారు 12 శాతమే. దీనికి ఎత్తు కూడా తోడవుతుంది. వాతావరణంలోని నీటి ఆవిరిలో దాదాపు సగం కింది 2 కిలోమీటర్లలోనే ఉంటుంది. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండే పీడనంలో సుమారు 78 శాతమే కాబట్టి చర్మం మీది తడి మరింత త్వరగా ఆవిరవుతుంది. పల్చని గాలిలో ఊపిరి ఎక్కువగా తీసుకోవలసి రావడం వల్ల ఊపిరితో పోయే నీరు కూడా పెరుగుతుంది. ఉతికిన బట్టలు గదిలోనే రెండు మూడు గంటల్లో ఆరిపోతున్నాయని మొదటి వారం సంతోషించాము. బట్టలను ఆరబెట్టే గాలే మా ముక్కులను, పెదవులను కూడా ఆరబెడుతోందని తరువాత గ్రహించాము.

మొదట కొన్నది అల్ట్రాసోనిక్ రకం. దీనిలో ఒక చిన్న పలక అతివేగంగా కంపిస్తూ నీటిని సన్నటి తుంపరగా చిమ్ముతుంది. చప్పుడు దాదాపు ఉండదు, తెల్లని పొగలాంటి తుంపర కళ్లకు కనిపిస్తుంది గనుక యంత్రం బాగా పనిచేస్తోందన్న నమ్మకం కూడా కలుగుతుంది. అయితే అది గాలిలోకి పంపేది ఆవిరిని కాదు, నీటి బిందువులను. కుళాయి నీటిలో కరిగి ఉన్న ఖనిజాలు ఆ బిందువులతో పాటే గదిలోకి వస్తాయి, బిందువు ఆరిపోయాక పొడిగా మిగులుతాయి. వారం తిరిగేసరికి బల్ల మీద, పుస్తకాల మీద తెల్లని పొర పేరుకుంది. ఖనిజాలు తీసేసిన డిస్టిల్డ్ వాటర్ వాడితే ఈ బెడద ఉండదు గాని రోజూ లీటర్ల కొద్దీ ఆ నీటిని తెచ్చుకోవడం మా వల్ల కాలేదు.

అంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటి ఉంది. అందులో మా పొరపాటు కూడా ఉంది. తేమ నిండిన ప్రాంతం నుంచి వచ్చిన వారికి తాము పుట్టి పెరిగిన చోటి గాలే సరైన గాలిగా తోస్తుంది. మేమూ ఆ గాలినే ఈ గదిలోకి తెచ్చుకోవాలని యంత్రాన్ని రాత్రంతా పూర్తి వేగంతో నడిపాము. గొంతుకు హాయిగా ఉంది, నిద్ర బాగా పట్టింది. కాని పొద్దున్నే కిటికీ అద్దాల మీద నీళ్లు ధారలు కట్టేవి. 20 డిగ్రీల గదిలో ఆర్ద్రత 60 శాతం ఉంటే, 12 డిగ్రీలకు చల్లబడిన ఏ తలం మీదనైనా గాలిలోని ఆవిరి నీరై దిగుతుంది. బయట గడ్డకట్టే చలి ఉన్న రాత్రి ఒంటిపొర అద్దం అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. మూడు వారాలకు కిటికీ చట్రం మూలల్లో నల్లని బూజు మచ్చలు కనిపించాయి. ఆర్ద్రత 40 శాతం ఉంటే ఆ నీరు దిగడానికి తలం 6 డిగ్రీల దాకా చల్లబడాలి, 30 శాతం ఉంటే 2 డిగ్రీల దాకా. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంటి లోపల 30 నుంచి 50 శాతం ఉండడం మంచిదని చెబుతుంది. చలి తీవ్రంగా ఉన్న రోజుల్లో ఆ పరిధిలో కింది వైపే ఉండాలన్నది నేను కిటికీ చట్రాన్ని చూసి నేర్చుకున్న విషయం.

ఇప్పుడు వాడుతున్నది వత్తి రకం. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్లు, ఇందులో తేనెపట్టు ఆకారంలో ముడతలు పెట్టిన మందపాటి కాగితపు వత్తి తొట్టిలోని నీటిని పైకి పీల్చుకుంటుంది. వెనుక ఉన్న ఫ్యాను గది గాలిని దాని గుండా పంపుతుంది. బయటికి వచ్చేది కేవలం ఆవిరి. ఖనిజాలు వత్తిలోనే మిగిలిపోతాయి కనుక బల్ల మీద తెల్లని పొర పడదు. కంటికి ఏమీ కనిపించకపోవడంతో మొదటి రెండు రోజులు ఇది పనిచేస్తోందా అన్న అనుమానం వచ్చింది. పొద్దున తొట్టిలో నీటిమట్టం దిగి ఉండడం చూశాక ఆ అనుమానం తీరింది.

నేను ఈ రకాన్ని గట్టిగా సిఫారసు చేయడానికి అసలు కారణం దాని స్వభావంలోనే ఉంది. గది పొడిగా ఉన్నప్పుడు వత్తి మీది నీరు వేగంగా ఆవిరవుతుంది, తేమ పెరిగే కొద్దీ ఆ వేగం దానంతట అదే తగ్గుతుంది. ఏ ఎలక్ట్రానిక్ నియంత్రణ లేకపోయినా గదిని తడిసి ముద్ద చేయడం దీనికి అంత సులభం కాదు. కొత్త ప్రాంతపు గాలిని ఇంకా ఒంటితో అంచనా వేయలేని వారికి, మాలాగ పాత ఊరి తేమను వెతుక్కునే వారికి, ఈ గుణం ఎంతో మేలు చేస్తుంది. ఐదు నెలల్లో మా కిటికీ అద్దాల మీద నీటి ధారలు మళ్లీ కనిపించలేదు. అతి చల్లని రాత్రుల్లో అంచుల వెంబడి సన్నని తడి మాత్రం పట్టేది.

యంత్రం మీద ఉన్న ఆర్ద్రత అంకెను మాత్రం నమ్మవద్దు. దాని సెన్సరు తడిగాలి వెలువడే చోటికి దగ్గరలో ఉండడం వల్ల, మంచం పక్కన పెట్టిన వేరే హైగ్రోమీటరు (తేమను కొలిచే మీటరు) కంటే ఎప్పుడూ 8 నుంచి 10 శాతం ఎక్కువ చూపింది. ఏది సరైనదో తేల్చుకోవడానికి ఇంట్లోనే పరీక్ష ఉంది. చిన్న గిన్నెలో ఉప్పును కొద్ది నీళ్లతో తడిపి ముద్దలా చేసి, దానిని, హైగ్రోమీటరును ఒకే డబ్బాలో గాలి చొరకుండా మూసి ఒక పూట ఉంచాలి. సాధారణ గది ఉష్ణోగ్రతలో లోపలి ఆర్ద్రత 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మా విడి మీటరు 73 చూపింది, కాబట్టి దానినే ప్రమాణంగా పెట్టుకున్నాము. ఈ సందర్భంగా ఒక మాట చెప్పాలనిపిస్తోంది. కొండల గాలిని అధ్యయనం చేసిన జెనీవా శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సోసూర్ మనిషి వెంట్రుకతో ఆర్ద్రతామాపకాన్ని రూపొందించి, దాని మీద చేసిన పరిశోధనను 1783లో ప్రచురించారు. 1787లో మాంట్ బ్లాంక్ శిఖరాన్ని ఎక్కినప్పుడు కూడా వాతావరణాన్ని కొలిచే పరికరాలు వెంట తీసుకువెళ్లారు. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. కొండ ఊరికి వచ్చాక మా అందరి జుట్టు తీరు మారడానికి కారణం నాకు అప్పుడే అర్థమైంది.

నీటి ఖర్చును నేను లెక్క కట్టి చూశాను. మా పడకగది పరిమాణం సుమారు 40 ఘనమీటర్లు. 15 శాతం నుంచి 40 శాతానికి తేమ పెంచడానికి గదిలో ఉన్న గాలికి కావలసిన నీరు 170 గ్రాముల పైచిలుకు, అంటే ఒక గ్లాసు. అయితే తలుపు సందుల గుండా గంటకు సగం గది గాలి మారుతుందనుకుంటే, బయట మైనస్ 10 ఉన్న రాత్రి ఎనిమిది గంటల్లో మరో 700 గ్రాములకు పైగా పోతుంది. మా తొట్టిలో తగ్గిన నీరు దాదాపు ఇంతే. అందుచేత తొట్టి పెద్దదా చిన్నదా అన్నది చూసే ముందు కిటికీ సందులు మూయించుకోవడం మంచిది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి గది నుంచి 0.68 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి ఖర్చవుతుందని, హీటరు ఆ మేరకు ఎక్కువ పనిచేయవలసి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

లోపాలు లేకపోలేదు. తొట్టి మూతి ఇరుకు, పెద్దవారి చెయ్యి లోపలికి పట్టదు. నీటిని రోజూ మార్చి, మూడు రోజులకొకసారి లోపల తోమవలసిన పరికరానికి ఇలాంటి మూతి పెట్టడం తయారీదారు చేసిన పెద్ద తప్పని నా అభిప్రాయం. నిలవ నీటిలో క్రిములు పెరిగితే ఆరోగ్యం కోసం కొన్నదే జబ్బు తెస్తుంది. మేము పొడవాటి బ్రష్షుతో నెట్టుకొచ్చాము. ఫ్యాను పెద్ద వేగంలో పెడితే నిద్రకు భంగమే, చిన్న వేగంలో పది నిమిషాలకు అలవాటైపోతుంది. మా నీటిలో ఖనిజాలు ఎక్కువ కాబట్టి ఆరు వారాలకే వత్తి పైభాగం గట్టిపడి నీటిని పీల్చడం తగ్గించింది. చలికాలానికి మూడు వత్తులు అయ్యాయి.

ఇది తీర్చలేనివి కూడా ఉన్నాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం శరీరం ఎత్తుకు అలవాటు పడితేనే తగ్గుతుంది, దానికి మాకు కొన్ని వారాలు పట్టింది. ప్రతి 1000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది కనుక, చలిగా ఉన్నా ఎండలోకి వెళితే సన్‌స్క్రీన్ తప్పదు. మా అమ్మాయికి మాత్రం ఈ యంత్రం పెట్టిన తరువాత ముక్కు నుంచి రక్తం మళ్లీ రాలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

బయటి చలి తగ్గి, మంచం పక్కన మీటరు ఏ సాయమూ లేకుండా 40 దగ్గర నిలబడిన వారంలో యంత్రాన్ని ఆపేశాము. తొట్టిని కడిగి, పాత వత్తిని పారేసి, అన్ని భాగాలనూ ఎండలో ఆరబెట్టి పెట్టెలో సర్దాము. వచ్చే చలికాలానికి మూడు వత్తులు ఇప్పుడే కొని అదే పెట్టెలో ఉంచాను.