వేట మాంసం (మటన్): జబ్బా, తొడా?
అమలాపురంలోనైనా భీమవరంలోనైనా ఆదివారం కొట్టు దగ్గర ఎక్కువమంది తొడే అడుగుతారు. కండ ఎక్కువ, ఎముక తక్కువ. వేపుడుకీ కీమాకీ అదే సరి. కానీ కొవ్వు తక్కువ కాబట్టి పులుసులో ఎక్కువసేపు ఉడికితే పీచులా ఎండిపోతుంది.

కూరకైతే మాత్రం జబ్బే, అంటే ముందుకాలి పైభాగమే తీసుకోండి. కండల మధ్య తెల్లటి పొరలుంటాయి చూడండి, సన్నటి సెగ మీద గంటన్నర మగ్గితే అవే కరిగి జిగురై పులుసును చిక్కబరుస్తాయి. పెద్ద మంట మీద తొందరపడితే ముక్క గట్టిపడి సాగుతుంది. మూలుగ ఎముక ఒకటి అడిగి తీసుకోండి, రుచంతా అందులోనే ఉంది!

ఎముకతో కలిపే తూస్తారు గనుక, తొడకన్నా జబ్బ కాస్త ఎక్కువ తీసుకోవాలి. ఏదైనా సరే, లేత ఎరుపు, సన్నటి పీచు ఉన్నదే లేత వేట. ముదురెరుపు, ముతక పీచు కనిపిస్తే వద్దనండి.