ఐదేళ్లు వాడిన క్రెడిట్ కార్డు, అందులో ఒక చిన్న స్విచ్

2020 చివర్లో తీసుకున్న కార్డు ఇది. పాయింట్లు, లాంజ్ వగైరా అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. యాప్‌లో 'ఇంటర్నేషనల్ లావాదేవీలు' అని ఒక స్విచ్ ఉంటుంది. నా గొడవంతా దాంతోనే.

ఆ ఏడాది నుంచి కొత్త కార్డులన్నీ విదేశీ వాడకం ఆఫ్ చేసే ఇస్తున్నారు. ఆన్ చేసింది నేనే, మా అమ్మాయి పురిటికి డాలస్ వెళ్తూ. అక్కడ మందుల షాపులో, కిరాణా కొట్లో, రెండు మూడు సైట్లలో వాడాను. తిరిగొచ్చాక రోజూ మనవడి వీడియో కాల్సే సరిపోయాయి, స్విచ్ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

తొమ్మిది నెలల తర్వాత ఒక మంగళవారం పొద్దున, పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చూస్తే నాలుగు మెసేజ్‌లు. రాత్రి 2.11కి 1 డాలరు. 2.14కి 189. ఆ వెంటనే 312, మళ్లీ 312. ఓటీపీ రాలేదు కదా, లింకు నొక్కించడానికి ఎవరో పంపిన దొంగ మెసేజ్‌లు అనుకున్నాను. నిజం మెసేజ్‌లను దొంగవనుకుని పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను. యాప్ తెరిచి చూస్తే దాదాపు 70 వేలు. కాళ్లలో సత్తువ పోయింది. మాడిన పాల వాసనకి మావారు వంటింట్లోకి వచ్చారు.

"ఓటీపీ మన దేశంలో రూలమ్మా. ఇక్కడ చాలా సైట్లకి కార్డు నంబరు, ఎక్స్‌పైరీ, వెనక మూడంకెలు ఉంటే చాలు" అంది అమ్మాయి. ముందు లాగిన ఆ ఒక్క డాలరు, కార్డు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికట.

కార్డు బ్లాక్ చేయడం యాప్‌లో అర నిమిషం పని, అది మాత్రం మెచ్చుకోవాలి. కస్టమర్ కేర్ దొరకడానికి 22 నిమిషాలు. "మీరు ఎవరికైనా ఓటీపీ చెప్పారా మేడమ్?" అని మూడుసార్లు అడిగారు. రాని ఓటీపీ ఎవరికి చెప్తానండీ! ఇదివరకు వీళ్ల కస్టమర్ కేర్ బ్రహ్మాండం అని నలుగురికీ చెప్పినదాన్నే. అప్పట్లో నాకు వాళ్లతో పని పాయింట్లు మార్చుకోవడం వరకే లెండి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, దాన్ని డిస్ప్యూట్ ఫారంతో (ఈ ఖర్చులు నావి కావని చెప్పే ఫారం) కలిపి బ్యాంకుకి మెయిల్ చేశాను. 2017 జూలై నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ గురించి కూడా రాశాను. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్లు చేసిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే మన మీద పైసా భారం పడకూడదు, పది పనిదినాల్లో డబ్బు తిరిగి జమ చేయాలి. తప్పు మనదే అంటే నిరూపించాల్సింది బ్యాంకే. సర్క్యులర్ మాటెత్తాక వాళ్ల మెయిళ్లలో మర్యాద పెరిగింది.

ఎనిమిదో రోజున డబ్బు జమైంది. స్వీటు కూడా తెచ్చుకున్నాం. తీరా స్టేట్‌మెంట్ చూస్తే విదేశీ కరెన్సీ మార్కప్ అని, అంటే డాలర్లలో ఖర్చుకి బ్యాంకు వేసే రుసుము, మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అలాగే ఉన్నాయి. 2,800 చిల్లర. దొంగ కొన్న సరుకుకి నేను పన్ను కట్టాలట! 70 వేలకి ఎనిమిది రోజులు పడితే ఈ చిల్లర వదిలించుకోవడానికి ఐదు వారాలు పట్టింది.

కార్డు తీసుకోవచ్చా అంటే, దేశం దాటని వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. మావారు కత్తెర పట్టుకుని తిరుగుతున్నారు గానీ, ఏటా డాలస్ వెళ్లాలి కాబట్టి నేనైతే విదేశీ లిమిట్ బాగా తగ్గించి ఉంచుకున్నాను. శంషాబాద్‌లో దిగగానే స్విచ్ ఆఫ్ చేయించే డ్యూటీ ఆయనకే ఇచ్చాను.