ఒకరి పని మరొకరి పేరున: మాస్ రాబర్ట్స్ అనువదించిన ‘మూడు రాజ్యాలు’ సంపూర్ణ ప్రతి

చైనా చారిత్రక నవలల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైన ‘మూడు రాజ్యాలు’కు మాస్ రాబర్ట్స్ చేసిన సంపూర్ణ ఇంగ్లిష్ అనువాదాన్ని మహబూబ్‌నగర్‌లోని ఒక పుస్తకాల దుకాణం ద్వారా తెప్పించుకొని, 120 అధ్యాయాలూ చదివాను. 1991లో వెలువడిన ఈ ప్రతిని కొనదగినదిగా చేస్తున్నది ముఖ్యంగా ఇందులోని వివరణలు, వెనుకమాట అని నా అభిప్రాయం. కథ ఏ మలుపులో చరిత్రను వదిలి తన దారి పట్టిందో తెలుసుకోవడానికి అవే ఆధారం. ఇదే అనువాదకుని సంక్షిప్త ప్రతి కూడా దొరుకుతుంది కానీ, చరిత్రపై ఆసక్తి ఉన్నవారు దానితో సరిపెట్టుకోకూడదు.

చైనాను ఏలిన హాన్ సామ్రాజ్యాన్ని కుదిపేసిన క్రీ.శ. 184 నాటి పసుపు తలపాగాల రైతుల తిరుగుబాటుతో మొదలై, దేశం వేయ్, షూ, వూ అనే మూడు రాజ్యాలుగా చీలి, 280లో మళ్లీ ఒక్కటయ్యే వరకు ఈ కథ నడుస్తుంది. ఆ కాలపు చరిత్రను చెన్ షౌ 3వ శతాబ్దంలోనే రాశాడు. ఆ గ్రంథానికి 429లో పేయ్ సోంగ్‌జీ, అప్పటికి అందుబాటులో ఉన్న ఇతర రచనలనుంచి ఎన్నో భాగాలు చేర్చి విస్తారమైన వ్యాఖ్య రాశాడు. నవల వచ్చింది ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకు. దానిని 14వ శతాబ్దపు లువో గువాన్‌జోంగ్ రచనగా చెబుతారు. నేడు అందరూ చదువుతున్నది మాత్రం 17వ శతాబ్దంలో మావో లున్, ఆయన కుమారుడు మావో జోంగ్‌గాంగ్ సంస్కరించిన పాఠం. ఈ నడిమి కాలమంతా కథను బతికించినవారు కథకులు, నాటకాలవాళ్లు. మన పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న కథను పాటగా విన్నవారికి, జనం మెచ్చిన వీరుని చుట్టూ కథ ఎలా పెరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ నవలలోని కల్పనకు ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది. చాలాచోట్ల అది లేని సంఘటనను పుట్టించదు. జరిగిన పనినే తీసుకొని, చేసినవారి పేరు మారుస్తుంది. హువా షియోంగ్ అనే సేనానిని చరిత్రలో చంపింది సున్ జ్యెన్ అనే మరో సేనాని సైన్యం. నవలలో, కథానాయకుడు లియు బేయ్ అనుచరుడైన గువాన్ యూ వెళ్లి, పోసిన మద్యం చల్లారేలోగా అతని తల తెస్తాడు. లంచగొండి అధికారిని కట్టేసి కొట్టినవాడు చరిత్రలో, తరువాత షూ రాజ్యాన్ని స్థాపించిన లియు బేయ్. అంత సౌమ్యుడైన ప్రభువుకు ఆ కోపం తగదని కాబోలు, నవల కొరడాను ఆయన మరో అనుచరుడు జాంగ్ ఫేయ్ చేతికిచ్చింది. బోవాంగ్ దగ్గర సొంత శిబిరానికి నిప్పుపెట్టి శత్రువును ఉచ్చులోకి లాగిన లియు బేయ్ యుక్తి, తరువాత ఆయన మంత్రిగా ప్రసిద్ధుడైన జుగే లియాంగ్ ఇంకా ఆయన కొలువులో చేరకముందటిది. నవల దానినే జుగే లియాంగ్ తొలి విజయంగా చూపింది.

నవలలో అందరికీ గుర్తుండిపోయే బాణాల ఘట్టం 46వ అధ్యాయంలో ఉంది. మూడు రోజుల్లో లక్ష బాణాలు సమకూరుస్తానని మాట ఇచ్చిన జుగే లియాంగ్, 20 పడవలకు గడ్డిమోపులు కట్టించి, దట్టమైన పొగమంచులో, ఉత్తరాదిని ఏలుతున్న శత్రువు త్సావో త్సావో శిబిరం ముందుకు పోయి డప్పులు మోగిస్తాడు; మంచులో ఏమీ కనబడని శత్రువులు కురిపించిన బాణాలన్నీ ఆ గడ్డిలో దిగుతాయి. ఇది 208లో, లియు బేయ్, దక్షిణాది ప్రభువు సున్ చువాన్ కలిసి త్సావో త్సావోను ఓడించిన ఎర్ర కొండల యుద్ధానికి ముందు జరిగినట్టు కథ. పేయ్ సోంగ్‌జీ వ్యాఖ్యలో దీనికి మూలమనిపించే సంఘటన ఒకటి ఉంది, కానీ అది 213 నాటిది, అందులో ఉన్నది సున్ చువాన్. ఆయన పెద్ద పడవలో శత్రుసేనను చూడబోయినప్పుడు బాణాలు ఒకే పక్క నాటుకొని, బరువుకు పడవ ఒరిగిపోసాగింది. ఆయన పడవను తిప్పించి రెండో పక్కకూ బాణాలు తగలనిచ్చి, సమతూకం కుదిరాక వెనక్కు వచ్చాడు. ప్రాణం కాపాడుకునే సమయస్ఫూర్తి, నవలాకారుని చేతిలో ముందే పన్నిన పథకమైంది. కథగా చూస్తే ఇది గొప్ప మార్పు అని ఒప్పుకోక తప్పదు.

ఈ పేర్ల మార్పిడిలో అందరికన్నా నష్టపోయినవాడు సున్ చువాన్ సేనాధిపతి జౌ యూ. ఎర్ర కొండల దగ్గర సేనను నడిపింది ఆయన, నిప్పుతో దాడి చేద్దామని సూచించింది ఆయన కింది సేనాని హువాంగ్ గాయ్. జుగే లియాంగ్ ప్రధానంగా సున్ చువాన్‌ను పొత్తుకు ఒప్పించిన రాయబారి మాత్రమే. తనను తూలనాడిన పెద్ద వయసు సేనాని చెంగ్ పూను ఓర్పుతోనే గెలుచుకున్న ఉదారుడిగా పాత ఆధారాలు జౌ యూను వర్ణిస్తున్నాయి. అటువంటి మనిషిని నవల అసూయతో రగిలి, జుగే లియాంగ్ చేతిలో పదేపదే భంగపడి ప్రాణం విడిచినవానిగా మార్చింది. 210లో వ్యాధితో చనిపోయిన సేనానికి ఇంతకన్నా అన్యాయం ఉండదు. సున్ చువాన్ కొలువులోని దూరదృష్టి గల సలహాదారు లూ సును అమాయకునిగా చిత్రించడం కూడా ఇలాంటిదే.

ఖాళీ కోట ఘట్టం వేరే రకం. జుగే లియాంగ్ కోట తలుపులు తెరిపించి, పైన కూర్చొని వీణ వాయించి, లోపల ఉచ్చు ఉందేమోనన్న అనుమానం కలిగించి శత్రు సేనాని సిమా యీని వెనక్కు పంపే ఆ కథ 228 నాటిదిగా నవలలో వస్తుంది. ఆ సమయంలో సిమా యీ ఆ ప్రాంతంలోనే లేడు. ఈ కథ పాత రూపాన్ని పేయ్ సోంగ్‌జీయే తన వ్యాఖ్యలో ఉదహరించి, నమ్మదగదని తోసిపుచ్చాడు.

18వ శతాబ్దపు చరిత్రకారుడు జాంగ్ షుయేచెంగ్ ఈ నవలలో ఏడు పాళ్లు నిజం, మూడు పాళ్లు కల్పన అన్నాడు. ఆయన దానిని మెచ్చుకోలుగా అనలేదు. ఈ కలగలుపు పాఠకులను తికమకపెడుతుందని ఆక్షేపించాడు. తేదీలు, యుద్ధాలు, గెలుపోటములు చాలావరకు సరిగా ఉండడం వల్లనే మారిన పేర్లను కూడా నమ్మేస్తామని నాకూ అనిపించింది. అందుకే వివరణలు లేని ప్రతిని నేను ఎవరికీ సూచించను.

ఒకే మనిషిని రెండు మూడు పేర్లతో పిలవడం వల్ల మొదటి అధ్యాయాల్లో పాత్రలను గుర్తుపెట్టుకోవడం కష్టం. పేర్ల పట్టిక ఒకటి పక్కన రాసుకుంటే మేలు. డిగ్రీలో చరిత్ర చదివే మన జిల్లా విద్యార్థులు, అంత పెద్ద పుస్తకం కొనలేకపోతే, గ్రంథాలయంలో తెప్పించమని అడగాలి. మొత్తం చదివే తీరిక లేనివారు ఎర్ర కొండల యుద్ధాన్ని చెప్పే 43 నుంచి 50 వరకు గల అధ్యాయాలను వాటి వివరణలతో కలిపి ముందుగా చదవవచ్చు.