మా హార్డ్‌వేర్ షాపులో ఆరేళ్ల ట్యాలీ, ఒక బుడమేరు వరద

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మాది హార్డ్‌వేర్ షాపు. సిమెంటు, పైపులు, వైర్లు, రంగులు, మేకులు అమ్ముతాం. లెక్కలు చూసేది నేనే. 2019లో బిల్లులు, ఖాతాలు, స్టాక్ చూసుకునే ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్ కొన్నాం, ఆరేళ్లు దాటింది. ఈ మధ్య మా వీధిలో రెండు షాపుల వాళ్లు కొత్తగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొందామనుకుంటూ, "ఏం చూసి కొనాలమ్మా?" అని అడిగారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ధర, స్క్రీన్ అందం, ఫోన్‌లో కనపడటం, ఇవన్నీ తర్వాత. నేను మొదట అడిగేది ఒక్కటే. మన లెక్కలు ఎప్పుడు కావాలంటే అప్పుడు, పూర్తిగా మన చేతికి వస్తాయా? అమ్మినాయన ఫోన్ ఎత్తకపోయినా, కంప్యూటర్ పోయినా వస్తాయా? ఇది నాకు రెండు దెబ్బలు తగిలాక అర్థమైంది.

మొదటి దెబ్బ పాత సాఫ్ట్‌వేర్‌తో. మా మామయ్యగారు చిట్టా, ఆవర్జా చేత్తో రాసేవారు. 2012లో తెలిసినాయన ఒకరు మాకోసమే ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ తయారుచేసి ఇచ్చారు. ఆరు వేలు తీసుకున్నారు. చాలా తేలిగ్గా ఉండేది, మామయ్యగారు కూడా బిల్లు కొట్టేవారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఆయనే వచ్చి మార్పులు చేశారు. తర్వాత ఆయనకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, ఫోన్ ఎత్తడం మానేశారు. ఆయన్నేమీ అనను, ఒక్క మనిషి ఎంతని చూసుకుంటాడు? కానీ మా ఏడేళ్ల లెక్కలు పాస్‌వర్డ్ ఉన్న ఒక ఫైల్‌లో ఉండిపోయాయి. ఆ పాస్‌వర్డ్ మాకు తెలియదు. ఎక్సెల్‌లోకి తీసే దారి లేదు. పదకొండు వందల సరుకులు, మూడు వందల పైచిలుకు ఖాతాలు, ఎవరు ఎంత బాకీ అన్నదీ స్క్రీన్ మీద చూస్తూ మళ్లీ టైపు చేశాం. రెండు నెలలు రాత్రి పదింటి దాకా అదే పని. ఆరు వేలకు కొన్నది ఎంత ఖరీదైందో అప్పుడు తెలిసింది.

అప్పుడే ట్యాలీ సిల్వర్ లైసెన్స్, అంటే ఒక్క కంప్యూటర్‌లో వాడుకునేది, తీసుకున్నాం. 18,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. అంతకంటే చవకవి, చూడ్డానికి బాగున్నవి చాలా చూశాం. డెమోకి వచ్చినవాళ్లు అరగంట సేపు రంగురంగుల గ్రాఫులు చూపించేవాళ్లు. మా ఆయనకు అవి నచ్చాయి. నేను మాత్రం ఆ వారంలో మాకు బాగా చిరాకు తెప్పించిన పది బిల్లులు పక్కన పెట్టుకుని, "ఇవి కొట్టి చూపించండి" అనేదాన్ని. తొంభై మీటర్ల వైరు కాయిల్‌లోంచి పద్నాలుగు మీటర్లు కోసి ఇచ్చిన బిల్లు, మేస్త్రీ పేరు మీద రాసి డబ్బు ఇంటి యజమాని ఇచ్చిన బిల్లు, నాలుగు పైపులు వెనక్కి ఇచ్చి రెండు ఎల్బోలు తీసుకెళ్లిన బిల్లు. రెండో బిల్లుకే కొందరు ఆగిపోయారు. ట్యాలీలో ఒక సరుకుకు రెండు కొలతలు పెట్టుకోవచ్చు కాబట్టి కాయిల్ లెక్క, మీటర్ల లెక్క రెండూ సరిపోయాయి. డెమో అంటే వాళ్ల నమూనా సరుకులతో కాదు, మన షాపు బిల్లులతో జరగాలి.

రోజువారీ వాడకం గురించి పెద్దగా చెప్పేది లేదు. మౌస్ ముట్టుకోకుండా ఎఫ్8 నొక్కి బిల్లు మొదలుపెట్టి కంట్రోల్ ఏతో ముగించడం నెల రోజుల్లో చేతికి వచ్చేసింది. మా కౌంటర్ అబ్బాయి నాకంటే వేగంగా కొడతాడు. 2020 చివర్లో ట్యాలీప్రైమ్ అనే కొత్త వెర్షన్ వచ్చినప్పుడు, కొత్త వెర్షన్ల కోసం ఏటా కట్టే టీఎస్ఎస్ రెన్యువల్ ఉండటంతో విడిగా డబ్బు కట్టకుండానే మారాం.

ఇక రెండో దెబ్బ. 2024 ఆగస్టు 31 శనివారం కుండపోత వాన. మర్నాడు ఆదివారం, షాపుకు సెలవు. బుడమేరు వాగుకు గండ్లు పడి మా సింగ్‌నగర్ మునిగిందని సత్యనారాయణపురంలో ఇంట్లో ఉండి విన్నాం. ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్లి చూస్తే అవతలంతా నీళ్లే, పడవలు తిరుగుతున్నాయి. షాపు తలుపు తియ్యడానికే చాలా రోజులు పట్టింది. సిమెంటు బస్తాలు రాళ్లయిపోయాయి. కంప్యూటర్ బురదలో ఉంది. బ్యాకప్ తీసుకునే పెన్‌డ్రైవ్ కూడా ఆ కౌంటర్ సొరుగులోనే ఉంది, అదీ పోయింది. ట్యాలీ డేటా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది, దాన్ని కాపాడుకునే బాధ్యత మనదే. ఐదేళ్లుగా బ్యాకప్ తీస్తున్నానన్న ధీమాలో, అది ఎక్కడ పెడుతున్నానో ఆలోచించలేదు.

మమ్మల్ని గట్టెక్కించింది గుంటూరు. మా రిటర్నులు వేసే టాక్స్ కన్సల్టెంట్ గారు బ్రాడీపేటలో ఉంటారు. ప్రతి నెలా 20లోపు జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ రిటర్ను వెయ్యడానికి నా దగ్గర బ్యాకప్ తెప్పించుకుంటారు. ఆగస్టు 19 నాటిది ఆయన దగ్గర ఉంది. ఆయన కంప్యూటర్‌లో దాన్ని తెరిచి మా ఖాతాలన్నీ చూపించినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయింది పన్నెండు రోజుల బిల్లులే. మైలవరం, నూజివీడు వెళ్లిన పెద్ద లోడ్లు, సరుకు రవాణాకు ముందు తీసే ఈ-వే బిల్లుల పోర్టల్‌లో దొరికాయి. మేం కొన్న సరుకు సెప్టెంబరు 14న వచ్చిన జీఎస్టీఆర్-2బీలో, అంటే మాకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితాలో, కనపడింది. చిల్లర అమ్మకాలు ఫోన్‌లోని యూపీఐ జమల్ని బట్టి రాసుకున్నాం. బాకీలు మాత్రం ఆ మనుషుల్నే అడిగాం. చాలామంది ఉన్నదున్నట్టు చెప్పారు, వాళ్ల ఇళ్లూ మునిగాయి, అయినా చెప్పారు. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి మొదట అడిగింది కూడా స్టాక్ స్టేట్‌మెంటే. వరద ముందు రోజుకు ఏ సరుకు ఎంత ఉందో కాగితం మీద చూపించాలి. పాత సాఫ్ట్‌వేర్‌లోనే ఉండి ఉంటే మా దగ్గర చూపించడానికి బురద తప్ప ఏమీ ఉండేది కాదు.

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. కొత్త కంప్యూటర్‌లో లైసెన్స్ పెట్టాలంటే రిజిస్టర్ అయిన ఈమెయిల్‌కు కీ అనే కోడ్ వస్తుంది. ఆ ఈమెయిల్ మాది కాదు, మాకు అమ్మినాయన తనది పెట్టుకున్నారు. ఆయన షాపు మూసేసి ఏడాదైంది. ఆయన్ని పట్టుకునే సరికి నాలుగు రోజులు పోయాయి. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా డబ్బు కట్టే ముందే మీ సొంత ఈమెయిల్, మీ ఫోన్ నంబర్ పెట్టించండి. సీరియల్ నంబర్ ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. డేటా వాళ్ల సర్వర్‌లో ఉంటుంది కాబట్టి మాకొచ్చిన కష్టం వాటికి రాదు, ఆ మాట నిజం. కొనొద్దని నేను చెప్పను. కానీ డబ్బు కట్టడం ఆపేసిన మర్నాడు పాత బిల్లులు కనపడతాయా అని అడగండి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచుకోవాలి. అంటే వదిలేసిన సాఫ్ట్‌వేర్‌లోని బిల్లు కూడా ఆరేళ్ల దాకా చూపించగలగాలి. ట్యాలీలో రెన్యువల్ కట్టకపోయినా పాత లెక్కలు తెరుచుకుంటాయి, కొత్త వెర్షన్లు, ఆన్‌లైన్ సేవలు మాత్రం ఆగిపోతాయి. ఏ రిపోర్టయినా ఎక్సెల్‌లోకి తీసుకోవచ్చు. నేను ప్రతి మార్చి 31కీ అన్ని ఖాతాలు, స్టాక్ అలా తీసి పెడుతున్నాను.

కొన్నప్పుడు నేను పట్టించుకోనిది ఒకటి 2025 సెప్టెంబరు 22న అక్కరకొచ్చింది. సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. సిమెంటు రకాలన్నీ ఒకే గ్రూపులో పెట్టుకున్నాం కాబట్టి, ఆ గ్రూపుకు తేదీ వేసి కొత్త రేటు ఒక్కసారి ఇస్తే సరిపోయింది. ముందటి బిల్లులు 28తోనే ఉన్నాయి. పొద్దున తొమ్మిదింటికి షాపు తీసి మామూలుగానే బిల్లులు కొట్టాం.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ రాత్రి నా బ్యాగులో ఇంటికి వస్తుంది. ఇంకో కాపీ గుంటూరులో మా తమ్ముడి కంప్యూటర్‌లో ఉంటుంది. రెండు నెలలకోసారి పుట్టింటికి వెళ్లినప్పుడు దాన్ని అక్కడ తెరిచి, ఏదో ఒక ఖాతా తీసి, బాకీ మా షాపు లెక్కతో కలుస్తుందో లేదో చూసుకుంటాను. పోయిన నెల మేస్త్రీ గారి ఖాతా తీశాను, పైసలతో సహా సరిపోయింది.